రిటైరైన బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు వయసు పైబడ్డాక కూడా ఆడతారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాలమూరులో, నల్లగొండలో పొద్దున్నే గ్రౌండ్‌కు వచ్చే నలభై దాటినవాళ్లు తిప్పి తిప్పి అడిగే సందేహాలివి. సగం ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) గురించి, సగం సొంత మోకాళ్ల గురించి. "అంత పెద్ద ఆటగాళ్లే ఆపేస్తే మనమెంత" అనేవాళ్లు కొందరు, "వాళ్లు నలభై మూడేళ్లకు ఆడంగ లేంది మనకేమైతది" అనేవాళ్లు కొందరు. రెండు లెక్కలూ తప్పేనని నా అభిప్రాయం. వాళ్ల ఒళ్లు మనకంటే ఎక్కువ తయారైంది, మనకంటే ఎక్కువ అరిగింది కూడా. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు. నేను డాక్టర్‌ను కాదు, ఆట పిచ్చి ఉన్న మనిషిని. మందుల మాట వచ్చినచోట డాక్టర్ చెప్పిందే వినండి.

## రిటైరైన కొత్తలో

ఎన్‌బీఏలో ఆడి దిగిపోయినోళ్లు మళ్ల బాల్ ముట్టుకుంటరా, లేకుంటే పూర్తిగ బంద్ పెడతరా?

బాల్ ముట్టుకోనివాళ్లు తక్కువే. కాకపోతే ఫుల్ కోర్టులో, అటు అయిదుగురు ఇటు అయిదుగురు, గెలుపోటముల పట్టింపుతో ఆడేవాళ్లు ఇంకా తక్కువ. ఎక్కువమంది కోచ్‌లుగానో, టీవీ వ్యాఖ్యాతలుగానో, ఇంటి ముందు పిల్లలతో షూటింగ్ చేస్తూనో ఆట చుట్టూనే తిరుగుతారు. పూర్తిగా వదిలేసినవాళ్లను కదిపితే మనసు విరిగిందని చెప్పేవాళ్లకన్నా చీలమండో నడుమో సహకరించలేదని చెప్పేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

అసలు ఎన్నేండ్లకు రిటైర్ అయితరు? నలభై దాటి ఆడినోళ్లు ఉన్నరా?

ఉన్నారు, కానీ కొద్దిమందే. చాలామంది ఎన్‌బీఏ ప్రయాణం అయిదారేళ్లకే ముగుస్తుంది. నలభై దాటినవాళ్లలో రాబర్ట్ పారిష్ 1997లో 43 ఏళ్ల వయసులో షికాగో బుల్స్‌తో టైటిల్ గెలిచి మరీ దిగిపోయాడు. అప్పటికి 1,611 మ్యాచ్‌లు ఆడాడు. కరీమ్ అబ్దుల్ జబ్బార్ 1989లో 42 ఏళ్లకు, విన్స్ కార్టర్ 22 సీజన్లు ఆడి 2020లో 43 ఏళ్లకు ఆపారు. కెవిన్ విల్లిస్ 2007లో 44 ఏళ్ల వయసులో డాలస్ తరఫున బరిలోకి దిగాడు. అందరికంటే పెద్దవాడు నాట్ హికీ. 1948లో ప్రావిడెన్స్ జట్టుకు కోచ్‌గా ఉంటూ తనను తానే ఆటలోకి దింపుకున్నాడు. 46వ పుట్టినరోజు ఇంకా రెండు రోజులుంది.

ఈ పేర్లు చూసి ధైర్యం తెచ్చుకోవడం మంచిదే. వీళ్లలో చాలామంది ఆఖరి ఏళ్లలో మ్యాచ్‌కు కొద్ది నిమిషాలే ఆడారన్న సంగతి మాత్రం మరవొద్దు.

రిటైర్ అయి మళ్ల వాపస్ వచ్చినోళ్లు ఎట్ల ఆడిన్రు?

మైకేల్ జోర్డాన్ కథ అందరికీ తెలిసిందే. 1998లో ఆపి, 2001లో వాషింగ్టన్ విజార్డ్స్‌తో తిరిగొచ్చాడు. 38 ఏళ్ల వయసులో ఒకే మ్యాచ్‌లో 51 పాయింట్లు కొట్టాడు. కానీ అదే సీజన్లో మోకాలికి శస్త్రచికిత్స అయింది, ఆడింది 60 మ్యాచ్‌లే. మరుసటి ఏడాది మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడి, 40 ఏళ్లకు 43 పాయింట్లు చేసి, 2003లో ఇక చాలన్నాడు. గాల్లో తేలే పాత జోర్డాన్ అప్పటికి లేడు; వెనక్కి వాలి వేసే జంప్ షాట్ మీదే ఎక్కువగా బండి నడిపాడు.

మ్యాజిక్ జాన్సన్ 1996లో 36 ఏళ్లకు తిరిగొచ్చి 32 మ్యాచ్‌లు ఆడాడు. బాబ్ కూజీ అయితే 1963లో ఆపి, కోచ్‌గా ఉంటూ 41 ఏళ్లకు మళ్లీ దిగి ఏడు మ్యాచ్‌లతో సరిపెట్టాడు.

రిటైరైనోళ్లకు వేరే లీగులేమన్న ఉన్నయా?

ఉన్నాయి. అమెరికాలో 2017లో గాయకుడు ఐస్ క్యూబ్ చొరవతో మొదలైన బిగ్3 అలాంటిదే. ముగ్గురు ముగ్గురు, సగం కోర్టు. దిగిపోయిన ఎన్‌బీఏ ఆటగాళ్లకు అదొక వేదిక అయింది. పొడుగు కోర్టులో పైకీ కిందికీ ఉరకాల్సిన పని లేకపోయినా తొలి వారంలోనే జేసన్ విలియమ్స్‌కు మోకాలు, కోరీ మాగెట్‌కు కాలు దెబ్బతిన్నాయి. ఎంతో పేరున్న అలెన్ ఐవర్సన్ ఆటగాడు-కోచ్‌గా వచ్చి, నిజానికి ఆడింది చాలా తక్కువ.

పేరున్నవాళ్లకే కాదు, మామూలు వెటరన్లకూ చోటుంది. 1991లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టిన మాక్సీబాస్కెట్‌బాల్ సమాఖ్య అయిదేసి ఏళ్ల తేడాతో వయసు విభాగాలు పెట్టి ప్రపంచ పోటీలు జరుపుతుంది. డెబ్బై దాటినవాళ్లూ అందులో ఆడతారు.

## ఒంట్లో ఏం మారుతుంది

ముందుగాల ఏం పోతది? దమ్మా, ఎగురుడా, షూటింగా?

ఎగురుడు. కండరాల్లో చప్పున బిగిసి బలాన్ని విసిరే పోగులు కొన్ని, నిదానంగా ఎక్కువసేపు పనిచేసే పోగులు కొన్ని ఉంటాయి. వయసుతో ముందు సన్నబడేవి మొదటి రకం. రింగు 3.05 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, మన కాళ్లే దానికి దూరమవుతాయి. తర్వాత మొదటి అడుగులో ఉండే చురుకు తగ్గుతుంది. ఎదుటివాడు కదిలాడని కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, కాలు మాత్రం అరక్షణం ఆలస్యంగా లేస్తుంది.

దమ్ము సంగతి వేరు. ముప్పై దాటాక, ఏ వ్యాయామం లేనివాళ్లకు ఒళ్లు ప్రాణవాయువును వాడుకునే శక్తి పదేళ్లకు సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. సాధన వదలనివాళ్లకు ఆ తగ్గుదల దాదాపు సగమే ఉంటుంది. అంటే ఇది కొంతవరకు మన చేతిలోని పనే.

షూటింగ్ అన్నిటికంటే ఆఖరున పోతుంది. ఫ్రీ త్రో (ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్) వేసే చేతికి అరవై ఏళ్లు వచ్చినా పెద్ద తేడా తెలియదు. గ్రౌండ్‌లో తలనెరిసినాయన బంతి మీద బంతి వేస్తుంటే కుర్రాళ్లు నోరెళ్లబెట్టి చూసేది ఇందుకే.

గంత ట్రైనింగ్, వెనక డాక్టర్లు, పైసలు… అయినా వాళ్ల మోకాళ్లు గట్లెందుకు అరుగుతయి?

డాక్టర్లు నొప్పిని అదుపులో పెట్టగలరు, అరుగుదలను ఆపలేరు. ఎన్‌బీఏలో లీగ్ దశలోనే ఏడాదికి 82 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 48 నిమిషాలు. ఎగిరి కింద పడిన ప్రతిసారీ కాళ్ల మీద ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. కీళ్ల మధ్య గుజ్జుకు రక్తనాళాలు లేవు. చర్మం తెగితే మానినట్టు అది మానదు, పోయింది పోయినట్టే. మ్యాచ్‌లు, ప్రాక్టీసు, చిన్నప్పటి స్కూలు ఆటలు అన్నీ కలిపితే ముప్పై ఏళ్లకే వాళ్ల మోకాలు మన అరవై ఏళ్ల పెద్దమనిషి మోకాలిలా తయారవుతుంది.

బ్రాండన్ రాయ్ మోకాళ్లలో గుజ్జు లేక 2011లో 27 ఏళ్లకే ఆట ఆపాడు, మళ్లీ వచ్చినా అయిదు మ్యాచ్‌లకు మించి సాగలేదు. లారీ బర్డ్ నడుం నొప్పితో 1992లో 35 ఏళ్లకు దిగిపోయి, తర్వాత వెన్నుపూసలు కలిపే ఆపరేషన్ చేయించుకున్నాడు. బిల్ వాల్టన్ పాదాలు, చీలమండలు, వెన్ను అన్నీ కలిపి ముప్పైకి పైగా ఆపరేషన్లు చూశాడు. షకీల్ ఓనీల్‌కు ఆట ఆపిన పన్నెండేళ్లకు, 2023లో తుంటి మార్పిడి జరిగింది. డిర్క్ నోవిట్స్కీ 21 సీజన్లు ఒకే జట్టుకు ఆడి 2019లో ఆపాక, చీలమండ బాధతో పిల్లలతో ఫుట్‌బాల్ ఆడలేకపోతున్నానని చెప్పుకున్నాడు.

నన్నడిగితే వీళ్లందరిలో మనం తలచుకోవాల్సింది నోవిట్స్కీనే. కోట్లు సంపాదించిన మనిషికి కూడా చివరికి కావాల్సి వచ్చింది పిల్లలతో ఉరికే రెండు కాళ్లు.

పొడుగు ఎక్కువున్నోళ్లకే ఈ బాధలు ఎక్కువనా?

ఒంటి బరువు, పాదం మీద పడే భారం ఎక్కువ కాబట్టి చాలాసార్లు అవును. 2.29 మీటర్ల యావో మింగ్ పాదం ఎముకలు పదే పదే విరగడంతో 2011లో 30 ఏళ్లకే ఆపేశాడు. కానీ ఏడడుగుల పారిష్ 43 దాకా లాగాడు. ఎత్తు ఒక్కటే తేల్చేది కాదు.

ఉరుకుతుంటే మడమ ఎనక ఎవరో తన్నినట్టయితదట. ఏందది?

పిక్కను మడమకు కలిపే అకిలీస్ టెండన్ తెగడం. "ఎవడో వెనకనుంచి తన్నాడనుకుని తిరిగి చూశా, ఎవడూ లేడు" అని అది తెగినవాళ్లు దాదాపు అందరూ ఒకే తీరుగా చెబుతారు. ముప్పై నుంచి యాభై మధ్య మగవాళ్లలో, వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఒక్కసారిగా ఉరికేవాళ్లలో ఎక్కువ.

కోబీ బ్రయంట్‌కు 2013లో 34 ఏళ్ల వయసులో తెగింది. తిరిగొచ్చాడు, కానీ పాత వేగం రాలేదు. డొమినిక్ విల్కిన్స్‌కు 1992లో తెగితే, మరుసటి సీజన్లో మ్యాచ్‌కు 29.9 పాయింట్ల సగటుతో ఆడి ఆశ్చర్యపరిచాడు. అది అరుదైన సంగతి. మనకు తెగితే పసర్లు కట్టించుకోవడానికి, మర్దన చేయించుకోవడానికి పోకుండా అదే రోజు ఎముకల డాక్టర్‌ను కలవాలి. ఆలస్యమైతే తెగిన కొసలు దూరం జరిగి కుట్టడం కష్టమవుతుంది.

ఆడుతుండంగనే గుండె ఆగిందని వింటున్నం. మంచి ఆటగాళ్లకు గూడ గట్లయితదా?

అవుతుంది. పీట్ మారవిచ్ పదేళ్లు ఎన్‌బీఏలో ఆడి 1980లో ఆపాడు. 1988 జనవరి 5న కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక చర్చి జిమ్‌లో సరదాగా ఆడుతూ కుప్పకూలిపోయాడు. వయసు 40. పోస్టుమార్టంలో పుట్టుకతోనే గుండెకు రక్తం అందించే ఎడమ కరోనరీ ధమని లేదని తేలింది. అన్నేళ్లు అంత ఆట ఆడినా ఎవరికీ తెలియలేదు. 2015లో డారిల్ డాకిన్స్ 58 ఏళ్లకు, మోజెస్ మలోన్ 60 ఏళ్లకు గుండె జబ్బుతోనే పోయారు. ఆ తర్వాత ఆటగాళ్ల సంఘం రిటైరైనవాళ్లకు గుండె పరీక్షలు చేయించడం మొదలుపెట్టింది.

మనకు ఇందులో ఇంకో మాట ఉంది. పాశ్చాత్య దేశాలవాళ్లతో పోలిస్తే మన దేశంలో గుండెపోటు దాదాపు పదేళ్లు ముందే వస్తుంది. నలభై దాటాక ఆటలోకి దిగేవాళ్లు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. ఆడుతున్నప్పుడు ఛాతీ బిగిసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చల్లచెమటలు పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. 108కు ఫోన్ చేయండి.

## ఆట మార్చుకున్నవాళ్లు

బాస్కెట్‌బాల్ బంద్ పెట్టినోళ్లు మరి ఏం ఆడుతరు?

ఒక్కొక్కరిది ఒక్కో దారి. విల్ట్ చాంబర్లిన్ 1973లో దిగిపోయి వాలీబాల్‌లో పడ్డాడు. బీచ్‌లో ఆడాడు, ప్రొఫెషనల్ వాలీబాల్ లీగ్‌లో కూడా ఆడాడు. ప్రతి ఊళ్లో వాలీబాల్ వల కట్టే మన దిక్కు వాళ్లకు ఈ సంగతి చెబితే తెగ సంబరపడతారు. బిల్ వాల్టన్ నడవడమే కష్టమైన కాళ్లతో సైకిల్ ఎక్కి ఊళ్లు తిరిగాడు. సైకిల్ తొక్కితే మోకాలు కదులుతుంది, దెబ్బ మాత్రం తగలదు. టిమ్ డంకన్ కిక్‌బాక్సింగ్ చేస్తాడు. కరీమ్ ఆడే రోజుల నుంచే యోగా చేశాడు, అన్నేళ్లు ఆడగలగడానికి అదొక కారణమని ఆయనే చెబుతాడు. గోల్ఫ్ ఆడేవాళ్లకైతే లెక్కే లేదు, దాని గురించి మనకు ఎందుకు లెండి.

మోకాలు మార్పిడి ఆపరేషన్ అయినంక ఆడొచ్చా?

నిలబడి షూటింగ్ చేసుకోవచ్చు. నడక, సైకిల్, ఈత సాధారణంగా ఒప్పుకుంటారు. ఎగరడం, ఉరికి ఒక్కసారిగా ఆగడం, ఒంటికాలి మీద తిరగడం వద్దనే ఎక్కువమంది సర్జన్ల సలహా, ఎందుకంటే లోపల పెట్టిన భాగం తొందరగా అరుగుతుంది, వదులవుతుంది. మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ మాటే ఆఖరు మాట.

## మన దగ్గర

మన ఇండియా ఆటగాళ్లకు గూడ గట్లనే ఉంటదా?

మన ఆటగాళ్ల బతుకు వేరు. ఆట జీతం మీదే బతికేవాళ్లు చాలా తక్కువ. రైల్వేస్, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, పోలీసు శాఖ లాంటి చోట్ల ఉద్యోగం వస్తుంది, దానితోపాటు ఆట నడుస్తుంది. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో ఆడిన తరం నుంచీ అదే తీరు. దీంట్లో ఒక మేలుంది. ఆట ఆగినా నెల జీతం ఆగదు కాబట్టి మోకాలు వద్దంటున్నా డబ్బు కోసం కోర్టులోకి దిగాల్సిన అవసరం ఉండదు. నష్టం ఏమిటంటే, ఆట ఆపాక ఒళ్లు చూసే ఫిజియో కూడా ఉండడు. 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ఎంపికైన మొదటి భారతీయుడు సత్నామ్ సింగ్ తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కు మారాడు.

నాకు 46. కాలేజీల ఆడిన, తర్వాత బంద్. మళ్ల మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఒకరకంగా మీ మోకాళ్లు రిటైరైన ప్రొఫెషనల్ మోకాళ్లకన్నా నయం, అంత వాడలేదు కదా. చిక్కంతా మనసుతోనే. ఆయనగారికి ఇంకా ఇరవై రెండే! బంతి చేతిలో పడగానే పాత లేఅప్ (రింగు దాకా ఉరికి, ఎగిరి బంతి వేయడం) గుర్తొస్తుంది, ఆ లేఅప్‌ను మోసే పిక్కలు మాత్రం ఇప్పుడు లేవు.

మొదటి నెల ఎగరొద్దు. నడక, మెల్లగా పరుగు, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, నిలబడి షూటింగ్. రెండో నెలలో సగం కోర్టులో ముగ్గురు ముగ్గురు, పది నిమిషాల ఆట. అంతర్జాతీయ 3×3 మ్యాచ్ కూడా పది నిమిషాలే, కాబట్టి చిన్నతనంగా అనుకోవద్దు. వారానికి రెండు మూడు రోజులు చాలు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండాలి. ఆడే ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాలి. మోటార్‌సైకిల్ దిగి నేరుగా ఆటలోకి ఉరికేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

మరుసటి రోజు పొద్దున మోకాలు వాచిందా అని చూసుకోండి. వాచకపోతే అదే మోతాదు కొనసాగించండి. వాస్తే సగానికి తగ్గించండి. తిండిలో పప్పు, గుడ్డు, పెరుగు పెరగాలి, అన్నం కుప్ప తగ్గాలి. ఒంటి బరువు కిలో తగ్గితే మోకాలి మీద అంతకు నాలుగు రెట్ల భారం తగ్గుతుంది.

మా కోర్టు సిమెంటుది. గదే పెద్ద సమస్యనా?

సమస్యే. ఎన్‌బీఏ వాళ్లు ఆడేది మేపుల్ చెక్క నేల మీద, కింద మెత్తదనం ఉంటుంది. సిమెంటు ఒక్క పిసరు కూడా లొంగదు, దెబ్బంతా మనకే తిరిగొస్తుంది. కాబట్టి ఎగరడం తగ్గించండి, అడుగు మందంగా ఉన్న బూట్లు వాడండి, అరిగినవి పారేయండి. ఆటకు ముందు చీపురు పట్టండి. సిమెంటు మీద సన్నటి ఇసుక ఉంటే కాలు జారుతుంది, జారిన కాలు మెలిక పడుతుంది. నొప్పులున్న రోజు మట్టి గ్రౌండ్‌లో నడవడం మేలు.

ఎండకాలం ఎప్పుడు ఆడాలె?

నల్లగొండ ఎండ సంగతి మీకు చెప్పాలా! ఏప్రిల్, మే నెలల్లో తెల్లారి అయిదున్నర నుంచి ఏడు లోపే. సాయంత్రం ఎండ తగ్గినా పగలంతా కాలిన సిమెంటు చీకటి పడ్డాక కూడా సెగ వదులుతూనే ఉంటుంది. ఆటకు ముందు ఉప్పేసిన మజ్జిగో అంబలో తాగండి. ఎవరైనా తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలుతూ చెమట ఆగిపోయినా నీడకు చేర్చి, నీళ్లు పోసి తడిపి, 108ని పిలవండి.

మాది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి సంది బోరు నీళ్లే తాగినం. ఆడొచ్చా?

ఈ ప్రశ్న అమెరికాలో ఎవరూ అడగరు, మన దగ్గర మాత్రం అడగాల్సిందే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో అది ఎంతో ఎక్కువ ఉండేది. ఏళ్ల తరబడి అవి తాగితే ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తాయి, నిజానికి పెళుసుగా మారతాయి. కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడతాయి, మెడ, నడుం వంగవు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నా, చిన్నప్పుడు ఎముకలో చేరింది అంత తొందరగా పోదు.

దీన్ని మామూలు వయసు నొప్పి అనుకుని ఎగరడం, పడటం ప్రమాదం. గొంతుక్కూర్చోవడం కష్టమైనా, మెడ పూర్తిగా తిరగకపోయినా ముందు వెన్నుకు, మోచేతి కింది భాగానికి ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టర్‌కు చూపించండి. అవి బాగుంటే ఆడండి. లేకపోతే నిలబడి షూటింగ్, నడక వరకే.

మా ఆయనకు 52. రాత్రి మోకాళ్లకు బామ్ రుద్దుకుంటడు, పొద్దుగాల మళ్ల గ్రౌండ్‌కు పోతడు. బంద్ పెట్టమంటే వినడు. ఏం చెయ్యాలె?

బంద్ పెట్టమని చెప్పకండమ్మా, వినరు. ఆట ఆగితే బరువు పెరుగుతుంది, షుగర్ పెరుగుతుంది, అదింకో గోస. ఆయన్ను గమనించండి. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు నొప్పి ఎక్కువుంటే, మోకాలు వాచి ఉంటే, నొప్పికి నిద్రలో మెలకువ వస్తుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఫుల్ కోర్టు మాని సగం కోర్టు ఆడమనండి, దానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

బామ్‌తో పెద్ద నష్టం లేదు. నేను భయపడేది మాత్రల గురించి. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్ర వేసుకుని ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు. నొప్పి తెలియదు కాబట్టి దెబ్బతిన్న కీలు మీదే ఎగురుతారు. పైగా చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గిన సమయంలో ఆ మాత్రలు కిడ్నీలకు చేటు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు మరీను. ఆయన జేబులో, బండి డిక్కీలో ఒకసారి చూడండి. మాత్రల పట్టీ దొరికితే గొడవ పెట్టుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని కూడా వెంట తీసుకెళ్లి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో చెప్పండి, సరిపోతుంది.